బొటనవేలితో కూర్చునేవాళ్ళు

మెత్తగా ఉందన్నాను. నా నోరు పడిపోను, పొద్దున అయిదింటికి గుమ్మంలో నిలబడి, చేతులు రుద్దుకుంటూ, ఎలా ఉంది ఎలా ఉంది అని చంటిపిల్లాడిలా అడుగుతున్న మనిషికి మెత్తగా ఉందనే చెప్పాను. ఆ మాటకి మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఇంకో మాట అనలేక కిక్కు కొట్టి బయలుదేరాను. ఇప్పటికి ఆ మెత్తదనం మీద నాలుగొందల పది కిలోమీటర్లు కూర్చున్నాను, ఇంకా డెబ్బై ఉంది, టైము నాలుక్కి అయిదు నిమిషాలు తక్కువ, అయిదుంపావుకి ఆఫీసులో రిజిస్టరు మూసేస్తారు, నాకూ సీటుకీ మధ్య ఎవరో నిప్పు రాజేసి తీరిగ్గా విసనకర్రతో విసురుతున్నారు. డెబ్బై కిలోమీటర్లకి డెబ్బై నిమిషాలు, ఈ రోడ్డు మీద ఈ బండి అంతకంటే పరిగెత్తదు. చేతిలో మిగిలేవి పది. ఆ పది నిమిషాలని ఎండలో నీళ్ళసీసా మోసినట్టు మోస్తున్నాను, మూత తియ్యకుండా, ఒలకనివ్వకుండా, దిగకుండా.

ఆ రిజిస్టరులో ఇవాళ టైముకి నా సంతకం పడితే లాంగ్ రూటు మళ్ళీ నాది. పడకపోతే ప్యాకింగ్ గది, ఇక శాశ్వతంగా. వెనకాల ఐసు పెట్టెలో నాలుగు ఆసుపత్రుల శాంపిళ్ళున్నాయి, ఎవరిదో రక్తం, ఎవరిదో కఫం, ఎవరి కడుపులోంచో తీసిన గోరంత ముక్క. వాళ్ళంతా ఎక్కడో మంచాల మీద పడుకుని పరీక్షలో ఏం తేలుతుందోనని పైకప్పు చూస్తూ ఉంటారు. వాళ్ళ భయాన్ని పెద్ద ల్యాబుకి చేర్చడం నా ఉద్యోగం. నాలుగేళ్ళు చేశాను. రెండు నెలల నుంచి మాత్రం కిటికీ లేని గదిలో నిలబడి గాజుగొట్టాలకి చీటీలు అంటిస్తున్నాను, ట్యూబులైటు కింద అక్కడ అందరి మొహాలూ శాంపిళ్ళ రంగులోనే ఉంటాయి. ఒక్క రూటు ఇవ్వండి, చేసి చూపిస్తా అని రూటు ఇన్‌చార్జిని వారం రోజులు అడిగాను. ఆయనకి మేం పెట్టుకున్న పేరు గడియారం. దణ్ణం పెడితే టైము చూస్తాడు, తుమ్మినా టైము చూసే తుమ్ముతాడు. చివరికి ఎనిమిదో రోజు వాచీ చూసుకుని, "ఒక్క ఛాన్సు. అయిదుంపావు. అయిదూ పదహారైతే నన్ను అడక్కు, దేవుణ్ణి అడుగు," అన్నాడు. సరేనన్నాను. నా బండి ఉంది, నా సీటు ఉంది, నా ఒళ్ళు నాకు తెలుసు అనుకున్నాను. తీరా పొద్దున షెడ్డులో చీకట్లో సీటు మీద చెయ్యి వేస్తే ఏముంది, ఉబ్బిన బూరెలాంటిది తగిలింది. నా సీటు లేదు.

సర్‌ప్రైజట. ఎవడు కనిపెట్టాడో ఆ మాట. నిన్న నేను ప్యాకింగ్ గదిలో ఉండగా మా ఆయన సెలవు పెట్టి మరీ వెళ్ళి కొత్త సీటు వేయించుకొచ్చాడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు ఆయన, వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తాడు, ఊళ్ళో సగం మంది చూపు సరిచేసిన మనిషి, ఇంట్లో నా సీటు ఎందుకలా ఉందో చూడలేకపోయాడు. ఈ కొత్తదానికి తోక దగ్గర బంగారు అక్షరాల లేబులు కూడా ఉంది, కూర్చుంటే లేవబుద్ధి కాదు, అని. నిజమే. మొదటి నలభై కిలోమీటర్లు నాకూ కాలేదు. దొంగబుద్ధి దీనిది. మెత్తని సీటు కొత్త చుట్టం లాంటిది, వచ్చిన పూట ఎంత మర్యాదో, రెండోరోజుకి తెలుస్తుంది. నలభై దాటాక ఫోము అణిగింది, తొంభై దగ్గర ఎముక వెళ్ళి అడుగు రేకుని తాకింది, అణిగిన ఫోము పక్కలకి లేచి కండని రెండువైపులా నొక్కడం మొదలుపెట్టింది, వాటి నట్టనడుమ అందానికి వేసిన ఎర్రదారం కుట్టు, తాడంత లావున, సరిగ్గా ఎక్కడ ఉండకూడదో అక్కడ. ఎవడు కుట్టాడురా దీన్ని? వాడెప్పుడైనా కూర్చున్నాడా దేనిమీదైనా? పుట్టుకతోనే నిలబడ్డాడా?

ఎలా కొని ఉంటాడో నాకు తెలుసు. షాపులో సీటు మీద బొటనవేలు పెట్టి నొక్కి ఉంటాడు. అందరూ అంతే. అమ్మ షాపుకొచ్చే ప్రతివాడూ ముందు బొటనవేలితో నొక్కేవాడు, అబ్బే గట్టిగా ఉందండీ అనేవాడు, అమ్మ కుట్టుమిషను ఆపకుండానే, "బొటనవేలితో కూర్చుంటావా నాయనా?" అని అడిగేది. రెండు బజార్లు కలిసే మూల మీద, రేకు తలుపు షాపు, తోలు వాసన, జిగురు వాసన, పైనుంచి వేలాడే సీట్ల అస్థిపంజరాలు. ఎవరొచ్చినా అమ్మ మొదట చేసే పని ఒకటే. గోడవారగా ఒక రేకు పళ్ళెం, దాని నిండా మెత్తగా పిసికి తడిపిన బంకమట్టి, పైన ప్లాస్టిక్ కాగితం. కూర్చో అనేది. పెద్దమనుషులు సిగ్గుపడేవాళ్ళు. "సిగ్గెందుకయ్యా, నీ మొహం చూడను, ఆ గోడకేసి తిరిగి కూర్చో. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలకు," అనేది. టీ అయ్యాక మనిషి లేస్తే మట్టిలో రెండు గుంటలు పడేవి. వాటి మధ్య ఎడం విరిగిన స్కేలు ముక్కతో కొలిచి సుద్దతో గోడ మీద గీసుకునేది. నీకు రెండు ఎముకలున్నాయి, వాటి మీద కూర్చోవాలి, కండ మీద కాదు, ఎముక కింద గట్టిగా ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండాలి, కుట్టు అనేది ఆ చుట్టుపక్కల ఎక్కడా ఉండకూడదు. ఇదీ అమ్మ చదువు. గోడ నిండా గీతలే, కింద పేర్లు లేవు, లారీ, పోస్టు, పాలు, పెళ్ళిళ్ళ ఫొటోలు, ఇలా పనులే రాసేది. ఎప్పుడైనా బజారులో ఎవడైనా మీసం మెలేసుకుంటూ పోతుంటే అమ్మ నా చెవిలో, "వీడి గుంటలు ఒకటి లోతు ఒకటి పైపైన, వంకరగా కూర్చుంటాడు, నడుం నొప్పితో చస్తాడు చూడు," అనేది. నవ్వాగేది కాదు నాకు.

ఇవాళ నవ్వు రావడం లేదు. ముందు లారీ వాడు దారివ్వడం లేదు. పో, పోరా బాబూ, నీకేం, స్ప్రింగుల సీటు మీద పూసల చాప వేసుకుని కూర్చున్నావు. హారను కొట్టాను. వాడు చెయ్యి బయటపెట్టి ఊపాడు, ఆగమనో పొమ్మనో వాడికే తెలియాలి. ఎడమ పక్కనుంచి దూసుకుపోయాను, గుంతలో పడి లేచింది బండి, అప్పుడు వచ్చింది అసలు నొప్పి, ఎడంవైపున, పాత కోత దగ్గర, సూది గుచ్చి మెల్లగా తిప్పినట్టు. అయ్యో. ఆ చోటు నాకు తెలుసు. ఆ చోటు నన్ను గుర్తుపట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటని ఊరికే అన్నారా, ఆ గోరుచుట్టు వేలికి కదా, నలుగురికీ చూపించుకోవచ్చు. చెయ్యి విరిగినవాడు కట్టు మెడలో వేలాడేసుకుని వీరుడిలా తిరుగుతాడు. కూర్చునే చోట పుండు లేచినవాళ్ళు కథలు అల్లుకోవాలి. ఏమైందమ్మా సెలవు పెట్టావు అంటే కాలు బెణికిందండీ. ఇరవై రోజులు బోర్లా పడుకుంటే బెణికే కాలు ఏం కాలో. గడియారానికి మాత్రం ఎలా తెలిసిందో తెలిసింది, నేను తిరిగొచ్చిన రోజున కుర్చీ చూపించి, "కూర్చుంటావా, లేక...?" అన్నాడు. వెనకాల ఇద్దరు మొహాలు అటు తిప్పుకుని భుజాలు కదిలించారు. ఆ మధ్యాహ్నమే ప్యాకింగ్ గదిలో నా పేరు రాశారు. "నీ మంచికే. లేడీసు ఒళ్ళు తట్టుకోలేదు," అన్నాడు. నా ఒళ్ళు నాలుగేళ్ళు తట్టుకుంది నాయనా. నాలుగేళ్ళలో ఒక్క పొక్కు లేవలేదు, అప్పుడు నీ గడియారం ఎవర్ని చూస్తోంది?

లేవలేదు, ఎందుకంటే అమ్మ చెప్పినట్టు చేశాను. కుట్లులేని బిగుతు నిక్కరు లోపల. దాని కింద ఇంకేం వద్దు. రెండు పేటల కుట్టున్న జీన్సు ప్యాంటు ముట్టుకోకు. చెమటపట్టే చోట పౌడరు జల్లుకోకు, ముద్దయి గరుకుకాగితంలా గీస్తుంది, బయలుదేరేముందే ఇంత పెట్రోలియం జెల్లీ రాసుకో. అరగంటకోసారి ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి ముప్పై లెక్కపెట్టు, రక్తం ఆడుతుంది. గంటకోసారి దిగు. అయిదు నిమిషాలు. నొప్పి పుట్టాక దిగడం దిగడం కాదు, నొప్పి రాకముందే దిగాలి. బట్ట తడిస్తే మార్చుకో, రోడ్డు పక్కనైనా సరే, దుప్పటి అడ్డం కట్టుకుని అయినా సరే. నీళ్ళు తాగు. అందరూ నీళ్ళు మానేస్తారు, ఆగాల్సి వస్తుందని. పిచ్చిదానా, ఆగడానికే తాగాలి, నీకు బుద్ధి లేకపోయినా నీ ఒళ్ళు నిన్ను దింపుతుంది. అమ్మ జీవితంలో బండి నడపలేదు. సైకిలు కూడా ఎక్కలేదు. పుళ్ళు పడ్డవాళ్ళ మాటలు విని విని నేర్చుకుంది. నా సీటు కోసం నన్ను మూడుసార్లు మట్టిలో కూర్చోబెట్టింది. చెక్క అడుగు, దాని మీద గట్టి ఫోము, మధ్యలో కాలవ, పైన ఒకే ముక్క తోలు. చూడ్డానికి బల్లలా ఉంటుంది. ఉండేది.

నాలుగుంపావు. అరగంటకోసారి లేచి నిలబడమంది కదా, లేచాను, ముప్పై దాకా లెక్కపెడదామంటే పన్నెండు దగ్గరే గాలి పెట్టెని ఊపేసింది, మళ్ళీ కూలబడ్డాను, ఎర్రదారం కుట్టు మీదే. చివరి ఆసుపత్రి నుంచి బయలుదేరి రెండు గంటల నలభై నిమిషాలైంది. దిగలేదు. ఒక్కసారి కూడా. ఎందుకు దిగలేదే? టైము లేక. అబద్ధం. మొదటి గంటకి టైముంది. పావుగంట ముందున్నాను అప్పటికి. కోపంతో దిగలేదు. ఆయన మీద కోపం, సీటు మీద కోపం, చూద్దాం ఇదెంత ఏడిపిస్తుందో అని పళ్ళు బిగించి కూర్చున్నాను. కోపంతో కూర్చుంటే పుండు ఆయనకి లేస్తుందా? ఆ బంగారు అక్షరాలవాడికి లేస్తుందా? ఆ పావుగంట ఏమైందంటే, మధ్యలో రోడ్డు తవ్వి పెట్టారు, రైల్వే గేటు పడింది, గేటు దగ్గర కూడా ఇంజను ఆపి బండి మీదే కూర్చున్నాను, ముందూ వెనకా మగాళ్ళు దిగి ఒళ్ళు విరుచుకుంటుంటే నేనొక్కదాన్నే బొమ్మలా. ఎవరు చూస్తున్నారని? గడియారం చూస్తున్నాడా చెట్టెక్కి?

అదే మాట. నన్ను దిగనివ్వనిది ఆ రోజు కూడా అదే మాట. వద్దు, అది గుర్తుచేసుకోను, టైరు చూసుకో, రోడ్డు చూసుకో. వాన రోజది. మూడు నెలలైంది, పొద్దున షెడ్డులో బండి తుడుచుకుంటున్నాను, వాళ్ళు నలుగురు టీ తాగుతున్నారు. గడియారం అంటున్నాడు, "లేడీసుకి లాంగ్ రూటిస్తే ఇంతే, చెట్టుకో స్టాపు, పుట్టకో స్టాపు." నవ్వారు. నేనున్నానని తెలుసు వాళ్ళకి, తెలిసే నవ్వారు. ఆ రోజు నేను నాలుగు గంటలు దిగలేదు. వాన కుండపోత. ప్యాంటు తడిసి ఒంటికి అంటుకుపోయింది, సంచిలో పొడి జత ఉంది, ఉన్న సంగతి తెలుసు, మార్చుకోలేదు. నీళ్ళు తాగలేదు. తడిబట్ట ఆకురాయిలా ఒరుసుకుంటూనే ఉంది, నేను ఒరవనిస్తూనే ఉన్నాను. ముప్పై నిమిషాల ముందు చేరాను. గడియారం వాచీ చూసి, "పర్లేదే," అన్నాడు. ఆ పర్లేదే కోసం. మూడోరోజుకి పొక్కు గడ్డైంది, అయిదోరోజుకి నిమ్మకాయంత, జ్వరం, ఆరోరోజు తెర వెనకాల బోర్లా పడుకోబెట్టి కోశారు. ఎలా వచ్చిందమ్మా ఇంత అని డాక్టరు అడిగింది. ముసుగు పైన కళ్ళే కనిపిస్తున్నాయి, మంచి కళ్ళు, కోప్పడే కళ్ళు. దిగలేదు, మాటపడలేక దిగలేదు, తడిబట్ట మార్చుకోలేదు అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సీటండీ, అన్నాను. మా అమ్మ కుట్టిన సీటు. చెక్కలా ఉంటుంది. అదే చేసింది ఇదంతా. పక్కనే మా ఆయన నిలబడి ఉన్నాడు నా చెప్పులు చేత్తో పట్టుకుని. తగలెయ్యండి ఆ సీటుని, అన్నాను ఆయనతో, జ్వరంలో కాదు, జ్వరం అని తర్వాత చెప్పుకున్నాను.

తెర అవతల అమ్మ ఉంది.

ఉందని నాకు ఎప్పుడు తెలిసిందంటే, తెర కింద ఆవిడ కాళ్ళు కనిపించినప్పుడు. జిగురు మరకల చెప్పులు. టీ ఫ్లాస్కు కింద పెట్టిన చప్పుడు. లోపలికి రాలేదు. చెప్పులు కాసేపు అక్కడే ఉన్నాయి, తర్వాత లేవు. ఇరవై రోజుల్లో రెండుసార్లు ఇంటికొచ్చింది, దుప్పటి మార్చింది, జుట్టు దువ్వింది, సీటు మాట ఎత్తలేదు. రెండోసారి వెళ్ళబోతూ, "మళ్ళీ ఒకసారి మట్టిలో కూర్చోవే. ఏళ్ళైంది కదా, నీ ఎముకలు మారాయేమో," అంది. నేనేమన్నాను? నీ మట్టీ వద్దు నీ సీటూ వద్దు అన్నాను, దిండులో మొహం పెట్టుకుని. ఆడలేక మద్దెల ఓడన్నదట ఎవత్తో. అది నేనే. మద్దెల చేసిన మనిషి ముందే అన్నాను. నలభై ఏళ్ళుగా ఊరందరి ఎముకలు కొలిచిన మనిషి, కూతురి ఎముకలు తప్పు కొలిచానేమో అనుకుంటూ ఆ రెండు బజార్ల మూలకి నడుచుకుంటూ వెళ్ళింది. మా ఆయన ఆ మాట నమ్మాడు. నమ్మడా మరి? పెళ్ళాం బోర్లా పడుకుని ఏడుస్తూ చెబితే నమ్మడా? నమ్మాడు కాబట్టే సీటు మార్చాడు. నేనే కొనిపించాను ఈ బూరెని. నా నోటితో ఆర్డరిచ్చి కొనిపించాను. పొద్దున్నుంచి నాలుగొందల కిలోమీటర్లు ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను, ఒక్క తిట్టూ సరైన అడ్రసుకి చేరలేదు.

నాలుగూ ఇరవై అయిదు. నలభై కిలోమీటర్లు. ఇలాగే పోతే అయిదూ అయిదుకి చేరతాను. సంతకం పెడతాను. రూటు నాదవుతుంది. ఎల్లుండికి గడ్డ లేస్తుంది. గెలిచిన రూటు మీద మళ్ళీ బోర్లా పడుకుంటాను. అప్పుడు ఎవర్నంటాను, ఈ కొత్త సీటునా? దీన్ననడం తేలిక, దీన్ని కుట్టినవాడు తెర అవతల నిలబడడు. ఆగు. దిగు. టైముందా? ఉంది, పది నిమిషాలు, ఇందాకట్నుంచి మూత బిగించి మోస్తున్నవి. నొప్పి పుట్టాక దిగడం దిగడం కాదంది. కాకపోతే పోనీ. దిగు.

రోడ్డు వారగా పంక్చరు షాపు. టైర్ల దొంతర, నీళ్ళ తొట్టి, ముసలాయన ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని ట్యూబు ముంచి బుడగలు వెతుకుతున్నాడు. బండి స్టాండేసి దిగి, హ్యాండిలు పట్టుకుని కాస్త నిలబడ్డాను. "గాలా అమ్మా?" అన్నాడు తలెత్తకుండా. గాలి కాదు, బాబాయ్, కత్తుందా అన్నాను. తలెత్తాడు. నా మొహంలో ఏం కనిపించిందో, మారుమాట లేకుండా ట్యూబులు కోసే కత్తి అందించాడు. ముందు నీళ్ళు తాగాను, సీసా సగం గటగటా. తర్వాత సీటు మీద కత్తి దించాను, బంగారు అక్షరాల దగ్గర మొదలుపెట్టి ముందుదాకా, ఎర్రదారం వెంబడే.

"అయ్యయ్యో, కొత్త సీటు కదమ్మా!"

"కొత్తదే, బాబాయ్. అందుకే."

"నా మీద కోపం లేదు కదా నీకు?" అని కత్తికేసి చూశాడు.

ఒక్కసారి నవ్వొచ్చింది, పొద్దున్నుంచి మొదటిసారి. పైన ఫోము చేతులతో పెరికాను, తెల్లగా, కేకులా, ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది, పీకుతుంటే ఎంత బాగుందో, ఎవరి జుట్టో పీకినట్టు. అడుగు పొర కాస్త గట్టిది, దాన్ని ఉంచాను. పైన ఏం వెయ్యాలి? రెయిన్‌కోటు మడత జారుతుంది. గోనెపట్టా గరుకు. చూస్తున్నాను, చూస్తుంటే ముసలాయన లేచాడు ట్యూబు ఆరబెట్టడానికి, ఆయన మోకాళ్ళ కింద ఒక దళసరి ఫెల్టు ముక్క, ఒత్తిన ఉన్నిది, అరచెయ్యంత మందం, ఎన్నేళ్ళుగా నొక్కుకుని ఉన్నాడో, చెక్కలా బిగిసిపోయింది. దాని మీద రెండు గుంటలు. ఆయన మోకాళ్ళవి. పక్కపక్కన, మధ్యలో ఎత్తు. నేను ఆ ముక్కని ఎలా చూశానో ఏమో, "ఇది నాదమ్మా," అన్నాడు గబుక్కున, చంటిపిల్లాడు బొమ్మ దాచుకున్నట్టు.

"రేపు కొత్తది తెచ్చిస్తా. మా అమ్మ కుడుతుంది, నీ మోకాళ్ళకి కొలత పెట్టి మరీ."

"నా మోకాళ్ళకి కొలతా?" నాకేసి, బండికేసి, నేను కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిన తీరుకేసి చూశాడు. ఆయనకి అర్థమైంది. రోడ్డు వారన బతికేవాళ్ళకి అర్థమవుతుంది. "తీసుకెళ్ళు. నేను ఈ పూటకి బోర్లించిన బకెట్టు మీద కూర్చుంటా," అని తనే పాత ట్యూబుని రిబ్బన్లుగా కోసి, ఫెల్టుని సీటుకి మూడుచోట్ల బిగించి కట్టి, ముళ్ళన్నీ కిందికి తిప్పాడు. పైన ముడి ఉండకూడదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేను షాపు రేకు గోడ వెనక్కి వెళ్ళి చెమటకి తడిసిన నిక్కరు విప్పి పొడిది వేసుకున్నాను, జెల్లీ రాసుకున్నాను, కోత దగ్గర చెయ్యి పెడితే వేడిగా ఉంది, తడి లేదు. ఇంకా పగల్లేదు. ఎనిమిది నిమిషాలు. నాలుగూ ముప్పై మూడుకి కిక్కు కొట్టాను.

గుంటలు కాస్త ఎడం ఎక్కువ. ముసలాయన మోకాళ్ళు నా ఎముకలు కావు. అయినా గట్టిగా ఉంది, మోస్తోంది, రేకు తగలడం లేదు, కుట్టు లేదు. మంట ఉంది, పెరగడం లేదు. పది నిమిషాలకోసారి లేచి నిలబడ్డాను, ముప్పై దాకా లెక్కపెట్టాను, మూడోసారి గట్టిగా, కేకలేస్తూ లెక్కపెట్టాను, బస్సు కిటికీలోంచి జనం చూశారు, చూడనీ. కోపం తగ్గిందా? ఏం తగ్గలేదు. కానీ ఇప్పుడు దానికి దారి తెలిసింది, రోడ్డు మీద బండిలాగే పోతోంది. ఊరి మొదట్లో సిగ్నలు ఎర్రగా ఉంటే నిమిషం పాటు నేల మీద నిలబడ్డాను, సీటు మీద కాదు. షెడ్డు గేటు దాటేసరికి అయిదూ పద్నాలుగు.

గడియారం గుమ్మంలోనే ఉన్నాడు. వాచీ చూశాడు, గోడ గడియారం చూశాడు, రెండూ ఒకటే చెప్పాయి కాబోలు, రిజిస్టరు తెరిచి పెన్ను ఇచ్చాడు. "కూర్చుని పెట్టు, పర్లేదు," అన్నాడు. తర్వాత గుమ్మంలోంచి బండి కనిపించింది, నల్ల రిబ్బన్లు, చిరిగిన సీటు, పైకి పొడుచుకొచ్చిన ఫోము. "ఏంటమ్మా ఈ వేషం? దార్లో ఎక్కడైనా ఆగావా?"

"ఆగాను. ఎనిమిది నిమిషాలు." నిలబడే సంతకం పెట్టాను, పక్కన టైము వేశాను, అంకెలు పెద్దవిగా. "మొన్న నాకు పుండు లేచింది మా అమ్మ సీటు వల్ల కాదు, నా ఒళ్ళు తట్టుకోలేక కాదు. మీ మాట విని దిగలేదు, అందుకు లేచింది. ఇక గంటకోసారి దిగుతా. చెట్టుకో స్టాపు. రూటు షీటులో రాసుకోండి, నా ఒక్కదానికే కాదు, అందరికీ." వెనకాల టీ తాగుతున్న వాళ్ళలో ఎవరూ నవ్వలేదు. లావుపాటి ఒకడు, ఎప్పుడూ కుర్చీ అంచున కూర్చునేవాడు, గ్లాసులోకి చూస్తూ నెమ్మదిగా, "రాయండి సార్," అన్నాడు. ఓహో. నీకూ ఉందా. ఎన్నాళ్ళుగా ఉంది?

గడియారం వాచీ చూసుకున్నాడు. ఈసారి టైము కోసం కాదు.

పెట్టె అప్పగించి, షెడ్డు గోడకి భుజం ఆనించి ఫోను తీశాను. రెండుసార్లు మోగింది, మూడోసారి ఎత్తింది, వెనకాల కుట్టుమిషను చప్పుడు.

"అమ్మా."

"చెప్పు."

చెప్పాలి. నోటిదాకా వచ్చింది, గడియారానికి చెప్పినంత తేలిగ్గా రావడం లేదు. "అమ్మా, ఆ సీటు..."

"ఇక్కడే ఉంది. నిన్న మీ ఆయన తెచ్చి పడేశాడు. పారెయ్యడానికి చేతులు రాలేదు అత్తయ్యా అన్నాడు. నేనూ చూద్దామని విప్పాను." మిషను ఆగింది. "ఫోము ఇంకా పదేళ్ళు వస్తుంది. చెక్క చెక్కలా ఉంది. నీ గుంటలు నీ గుంటల్లానే ఉన్నాయి, గోడ మీద గీతతో కొలిచి మరీ చూశా. తోలుకి మాత్రం ఒకచోట వాననీళ్ళ మరక. నాలుగు గంటలు మనిషి లేవకపోతే పడే మరక."

గోడ సిమెంటు భుజానికి చల్లగా తగులుతోంది.

"దిగవే అని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"దిగావా?"

"ఇవాళ దిగాను."

అవతల నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది, మట్టిని పిడికిలితో గుద్దే చప్పుడు, మెత్తగా, వరసగా, ఎవర్నో కొడుతున్నట్టు.

"మట్టి తడుపుతున్నా. రా. బండి మీద కాదు, నడిచి రా. మీ ఆయన్ని కూడా తీసుకురా, అతన్నీ కూర్చోబెట్టి చూపిస్తా మెత్తదనమంటే ఏంటో."